‘మామూలే’ అనే ముందు ఒక్క మాట అడగండి

మన ఇళ్ళల్లో కడుపుతో ఉన్న పిల్ల ఏం చెప్పినా అందరి నోటా వచ్చే జవాబు ఒక్కటే. “మామూలేనమ్మా.” తల తిరుగుతోంది అత్తయ్యా అంటే మామూలే. కాళ్ళు పొంగాయి పిన్నీ అంటే మామూలే. రాత్రి నిద్ర పట్టట్లేదు వదినా అంటే, “ఇప్పుడే ఏమైంది, బిడ్డ పుట్టాక తెలుస్తుంది నిద్రంటే” అని ఒక నవ్వు కూడా.

ఆ మాట చెడ్డదని నేననను. తొలిచూలు పిల్లకి ప్రతిదీ భయమే. ఫోన్ తెరిస్తే ఒక వీడియో అది తినొద్దంటుంది, ఇంకోటి ఇలా పడుకుంటే ప్రమాదం అంటుంది. అలాంటప్పుడు నలుగుర్ని కన్న పెద్దావిడ పక్కన కూచుని వీపు నిమిరి “మామూలేనే తల్లీ” అంటే ఎంత ధైర్యం! పది మందుల పెట్టు ఆ మాట.

నా గొడవల్లా ఆ మాట వచ్చే వేళ గురించే. పిల్ల నోరు తెరిచీ తెరవగానే అనేస్తాం. పూర్తిగా వినం. ఎప్పటి నుంచి, ఎక్కడ, దానితో పాటు ఇంకేముంది అని అడగం. మొదటిసారి అలా కొట్టిపారేస్తే రెండోసారి ఆ పిల్ల చెప్పదు. “చెబితే ఏముంది, మామూలే అంటారు” అని ఊరుకుంటుంది. సరిగ్గా అప్పుడే చెప్పాల్సింది వచ్చిందనుకోండి, ఎవరికి చెబుతుంది?

అందుకని ఏది నిజంగా మామూలో, ఎక్కడ గీత దాటుతుందో మనం తెలుసుకుని ఉండాలి. డాక్టర్లం కానక్కర్లేదు. అన్నం పలుకైందో మెత్తబడిందో చెయ్యి పెట్టి చూసి చెబుతాం కదా, ఆ మాత్రం ఎరుక చాలు.

వేవిళ్ళతో మొదలెడదాం. నెల తప్పిన రెండు వారాలకల్లా మొదలై, మూడో నెల అంతా విసిగించి, నాలుగో నెల వచ్చేసరికి చాలామందికి తగ్గిపోతాయి. ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పెరగడమే ముఖ్య కారణం. పోపు వాసన పడదు, కాఫీ వాసన పడదు, కొందరికి మొగుడి సబ్బు వాసన కూడా పడదు. పొద్దున లేవగానే మంచం దిగకముందే నాలుగు మరమరాలో, ఒక బిస్కెట్టో నోట్లో వేసుకోవడం, కడుపు ఖాళీగా ఉంచకపోవడం, కొంచెం కొంచెంగా పలుసార్లు తినడం, అల్లం వేసిన పల్చటి మజ్జిగ. వీటితో చాలావరకు గడిచిపోతుంది.

గీత ఎక్కడంటే, తాగిన నీళ్ళు కూడా నిలవనప్పుడు. రోజంతా ఏమీ నిలవక, మూత్రం బాగా తగ్గిపోయి ముదురు పసుపు రంగులో వస్తుంటే, లేస్తే కళ్ళు తిరుగుతుంటే, ఒళ్ళు తగ్గిపోతుంటే అవి ఇక వేవిళ్ళు కావు. ఆస్పత్రిలో సెలైన్ పెట్టించాల్సిన జబ్బు. “నాకూ ఇలాగే అయింది, తొమ్మిది నెలలూ కక్కుతూనే కన్నాను” అని అక్కడ గొప్పలు పోకూడదు.

ఇంకో మాట. మందుల షాపుకి మగవాళ్ళని పంపి “వాంతులకి ఏదన్నా ఇవ్వు” అని తెప్పించుకోవడం అస్సలు వద్దు. 1957 నుంచి 1961 దాకా థాలిడోమైడ్ అనే మందుని ఎన్నో దేశాల్లో వేవిళ్ళకి కూడా వాడారు. ఏమీ కాదనే నమ్మకంతోనే మింగారు ఆ తల్లులు. వేల మంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగ్గా ఏర్పడకుండా పుట్టారు. ఇప్పుడు వేవిళ్ళకి మంచి మందులున్నాయి, కానీ అవి డాక్టరు చీటీ మీద రావాలి. ఒళ్ళు నొప్పుల మాత్రలకీ ఇదే మాట. నడుం నొప్పని ఇంట్లో ఉన్న మాత్ర ఏదో ఒకటి వేసేసుకోవడం కడుపుతో ఉన్నప్పుడు కుదరదు.

గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, మలబద్ధకం, పిక్కలు పట్టేయడం, నడుం లాగడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళడం, ఇవన్నీ దాదాపు అందరికీ ఉండేవే. గుండెల్లో మంటుంటే బిడ్డకి జుట్టు బాగా వస్తుందంటారు మనవాళ్ళు. సరదాగా ఉంటుంది కాబట్టి అననివ్వండి. అసలు సంగతేమిటంటే, బిడ్డసంచి బిగుసుకోకుండా వదులుగా ఉంచే హార్మోనే కడుపు పైనున్న మూతనీ వదులు చేస్తుంది, పేగుల్నీ నెమ్మది చేస్తుంది. అందుకే పులుపు పైకి తన్నుతుంది, అందుకే మలబద్ధకం. రాత్రి తొందరగా తినేసి, తిన్న వెంటనే పడుకోకుండా, తల కింద ఇంకో దిండు వేసుకుంటే కాస్త నయం. మూత్రానికి మాటిమాటికీ వెళ్ళడం మామూలే కానీ, మంట పుడితే, చలిజ్వరం తోడైతే మామూలు కాదు. తెల్లబట్ట కాస్త ఎక్కువవడం మామూలే. దురద, వాసన ఉంటే కాదు. నీళ్ళలా కారుతుంటే ఉమ్మనీరేమో చూపించుకోవాలి. రక్తం కనబడితే, చుక్కే అయినా ఫోన్ చెయ్యాలి. జ్వరం మటుకు ఏ నెలలోనూ గర్భం లక్షణం కాదు.

ఇక నీరసం. ‘మామూలే’ అన్న మాట వెనక ఎక్కువగా దాక్కునేది ఇదే. మొదటి మూడు నెలలూ, చివరి రెండు నెలలూ నీరసం సహజమే. కానీ మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, పెదాలు పాలిపోవడం, కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉండటం రక్తం తక్కువైందనడానికి గుర్తులు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణుల్లో సగానికి పైగా, 52 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మన వీధిలో ఇద్దరు కడుపుతో ఉంటే అందులో ఒకరికి ఉందనుకోవచ్చు. బలపాలు, మట్టి, పచ్చిబియ్యం తినాలనిపించడాన్ని కోరిక అని నవ్వుతాం, తెచ్చి కూడా పెడతాం. చాలాసార్లు అది ఇనుము తక్కువైన ఒళ్ళు పెట్టే గోల. బలపం ఇవ్వడం కాదు, రక్తపరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత, 7 కన్నా తగ్గితే చాలా ప్రమాదం. రక్తం లేని ఒంటికి కాన్పులో పోయే కొద్ది రక్తం కూడా ఎక్కువే.

నాలుగో నెల నుంచి సర్కారు ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలు కనీసం 180 వేసుకోవాలి. ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి ఇస్తారు. ఎన్ని ఇళ్ళల్లో అవి ఫ్రిజ్ మీద డబ్బాలోనే ఉండిపోతాయో మనకి తెలియదా! వేసుకుంటే వికారం, విరేచనం నల్లగా రావడం చూసి మానేస్తారు. నల్లగా రావడం నిజంగా మామూలే, భయం లేదు. వికారంగా ఉంటే రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. నిమ్మరసంతో మంచిది. టీ, కాఫీ, పాలతో కలిపి వద్దు. కాల్షియం మాత్ర కూడా అదే పూట వేసుకోకుండా, కనీసం రెండు గంటలు ఎడం ఉంచితే రెండూ ఒంటికి పడతాయి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పాలనుకున్నది కాళ్ళ వాపుల గురించి.

మన బందరు ఎండలు, ఆ ఉక్కపోత మీకు చెప్పక్కర్లేదు. మామూలు మనిషికే సాయంత్రానికి చెప్పులు బిగుసుకుంటాయి. కడుపుతో ఉన్న మనిషి ఒంట్లో రక్తం నూటికి నలభై, యాభై పాళ్ళు పెరుగుతుంది, అందులో ఎక్కువ భాగం నీరే. పైన బిడ్డసంచి బరువు కాళ్ళ నుంచి వెనక్కి వచ్చే రక్తనాళాల మీద పడుతుంది. పొద్దస్తమానం నిలబడి పెడన కళంకారీ బల్లల దగ్గర అచ్చులు వేసేవాళ్ళకి, వరినాట్లలో వంగి ఉండేవాళ్ళకి, షాపుల్లో నిలబడి పనిచేసే పిల్లలకి ఇంకా ఎక్కువ. రెండు కాళ్ళూ సమానంగా, చీలమండల దగ్గర, సాయంత్రానికి పెరిగి, పడుకుని కాళ్ళ కింద దిండు పెట్టుకుంటే తెల్లారేసరికి తగ్గే వాపు మామూలు వాపు.

పొద్దున లేచేసరికే మొహం ఉబ్బి ఉంటే, కళ్ళ కింద సంచులు కడితే, వేళ్ళు పొంగి ఉంగరం రాకపోతే, వారం రోజుల్లో ఒక్కసారిగా బరువు పెరిగితే అది వేరే కథ. దానికి తోడు తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, మసక, డొక్కల కింద పైకడుపులో నొప్పి ఉంటే గంట కూడా ఆగకూడదు. ఆ పైకడుపు నొప్పినే మనం గ్యాస్ అనుకుని సోడా తాగిస్తాం. అయిదో నెల దాటాక బీపీ 140/90కి పైన ఉండి, మూత్రంలో ఆల్బుమిన్ పడుతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే మూర్ఛలు వస్తాయి, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పెడితే అది ఇంకో రకం ప్రమాదం, నాళంలో రక్తం గడ్డకట్టడం. అదీ ఆ రోజే చూపించాలి.

“మా రోజుల్లో ఈ బీపీలూ అవీ ఎక్కడున్నాయే, పొలం గట్టు మీద కనేసి వచ్చేవాళ్ళం” అంటారు పెద్దవాళ్ళు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చెయ్యను. కానీ ‘గుర్రపువాతం’ అన్న మాట ఎవరిది? వాళ్ళదే. నెలలు నిండిన మనిషికి, బాలింతకి వచ్చే మూర్ఛలకి మన నాయనమ్మల కాలంలో పెట్టిన పేరు అది. లేని జబ్బుకి పేరెందుకు పెడతారు? జబ్బుంది. ముందుగా పట్టుకునే మిషనే లేదు. ఇంకోటి కూడా ఆలోచించండి. “మాకేం కాలేదు” అని చెప్పడానికి మిగిలినవాళ్ళే మన మధ్య కూచుని చెబుతున్నారు. అయినవాళ్ళు చెప్పడానికి లేరు కదా.

మా బంధువుల్లో దివిసీమ వైపు ఒక అమ్మాయికి ఏడో నెలలో సీమంతం చేశారు. కొలత ప్రకారం తెచ్చిన గాజులు చేతికి ఎక్కలేదు. అందరూ సబ్బు రాయండి, కవరు తొడిగి లాగండి అని సరదా చేస్తుంటే, ఎనభై దాటిన మేనత్త ఒకావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, బొటనవేలితో నొక్కి చూసి, “ఏమ్మా, తలనొప్పి ఉందా నీకు?” అని అడిగింది. రెండు రోజుల నుంచి ఉందిట. చెబితే పండగ పాడవుతుందని ఊరుకుందిట. భోజనాలు కాకుండానే కారెక్కించారు. బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఆస్పత్రిలో ఉంచి, మూర్ఛలు రాకుండా ఇంజెక్షన్లిచ్చి, కొన్ని వారాలు కాపాడుకుని, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేశారు. బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది. ఆ మేనత్త సంతకం తప్ప చదువు రాని మనిషి. ‘మామూలే’ అనకుండా అడిగింది, అంతే.

సీమంతంలో అందరం ఆ పిల్ల చేతులు పట్టుకుంటాం, కాళ్ళకి పసుపు రాస్తాం. ఆ పట్టుకున్న చెయ్యినీ, రాస్తున్న పాదాన్నీ కాస్త చూడమంటున్నాను.

అయితే ఒకటి, వాపు లేకుండా కూడా బీపీ పెరగొచ్చు. మనిషికి తెలియదు, హాయిగానే ఉంటుంది. మిషన్ పెడితేనే తెలుస్తుంది. అమెరికా పరుగుల రాణి అల్లిసన్ ఫెలిక్స్ సంగతి చూడండి, ఒలింపిక్స్‌లో 11 పతకాలు గెలిచిన మనిషి. 2018లో 32వ వారంలో మామూలు చెకప్‌కి వెళితే ప్రీఎక్లాంప్సియా బయటపడి, అత్యవసరంగా ఆపరేషన్ చేసి పాపని తీశారు. ఆమెతో కలిసి 2016 రియోలో రిలే స్వర్ణం గెలిచిన టోరీ బౌయీ 2023లో ఎనిమిదో నెల గర్భంతో ఇంట్లో ఒంటరిగా చనిపోయింది. గుర్రపువాతం కూడా కారణమై ఉండొచ్చని శవపరీక్ష నివేదిక చెప్పింది. అంత గట్టి ఒళ్ళున్నవాళ్ళకే అలా అయింది. మన పిల్లలకి “నీకేంటే, ఇనపగుండులా ఉన్నావు” అని చెకప్ మాన్పించడం ఎంతవరకు న్యాయం?

కాళ్ళకి నీరు పట్టిందని నీళ్ళు తాగడం తగ్గించమంటారు కొందరు. అది తప్పు. దాహానికి తాగాల్సిందే, మన ఎండల్లో ఇంకా. ఉప్పు మొత్తం మానేస్తే బీపీ రాదన్నదీ నిజం కాదు. రోజూ ఆవకాయ, ఎండుచేపలు అతిగా తినడం ఎవరికైనా మంచిది కాదు, అంతవరకే. చప్పిడి తిండి పెట్టేశాం కదా అని చెకప్‌కి వెళ్ళకపోతే మటుకు మోసపోతాం.

చివరి నెలల్లో ఇంకో రెండు సంగతులు. పొట్ట సాగి దురద పెట్టడం మామూలు. దద్దుర్లేమీ లేకుండా అరచేతుల్లో, అరికాళ్ళలో, అదీ రాత్రిళ్ళు ఎక్కువగా దురద వస్తుంటే లివరుకి సంబంధించింది కావచ్చు, రక్తపరీక్ష అడగండి. రెండోది బిడ్డ కదలిక. ఏడో నెల దాటాక ఏదన్నా తిని, ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెడితే రెండు గంటల్లో పదైనా తెలియాలి. రోజూ ఉండే కదలిక తగ్గిందనిపిస్తే “నిద్రపోతోందిలే” అనుకుని తెల్లారేదాకా చూడకూడదు.

కాన్పు అయిపోయాక కూడా ఆరు వారాలదాకా ఈ బీపీ గండం ఉంది. బాలింతకి తలనొప్పి అంటే గాలి తగిలింది, చెవుల్లో దూది పెట్టు అంటాం. దూది పెట్టండి, బీపీ కూడా చూపించండి.

ఇవన్నీ చదివి భయపడమని కాదు. మన రాష్ట్రం ఈ విషయంలో చాలా దూరం వచ్చింది. 2018–20 లెక్కల్లో దేశం మొత్తం మీద లక్ష సజీవ జననాలకి 97 మంది తల్లులు పోతుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఆ అంకె దానంతటది తగ్గలేదు. 1902లో భండారు అచ్చమాంబ గారు ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మన బందరులోనే ఆడవాళ్ళకి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆవిడ మేనకోడలు, అదే పేరున్న డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారు, తెలుగులో ‘ప్రసూతి – శిశుపోషణ’ అని పుస్తకం రాశారు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకీ వెళ్ళారు. ఆడవాళ్ళు తమ ఒంటి సంగతి తమ భాషలో తెలుసుకోవాలన్నది మన జిల్లాకి కొత్త కాదు.

సదుపాయాలూ ఉన్నాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకి డాక్టరే ఉచితంగా చూస్తారు. 2016 నుంచి నడుస్తోంది. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 108 ఎటూ ఉంది. లేనిదల్లా ఇంట్లోంచి కదిలే తొందర. నాగాయలంక, కోడూరు అవతల ఊళ్ళ నుంచి అవనిగడ్డ వచ్చి, అక్కణ్ణించి బందరో విజయవాడో చేరాలంటే ఎంతసేపు పడుతుందో అక్కడివాళ్ళకి తెలుసు. “రాత్రిపూట ఎందుకులే, తెల్లారాక చూద్దాం” అనే మాటే ‘మామూలే’ కన్నా ప్రమాదం.

అందుకని నేననేది ఇది. పిల్ల ఏదన్నా చెబితే ముందు మూడు ప్రశ్నలు. ఎప్పటి నుంచి? పడుకుంటే, తింటే, రెస్ట్ తీసుకుంటే తగ్గుతోందా? దీనితో పాటు ఇంకేమైనా ఉందా? జవాబులు విన్నాక కూడా మామూలే అనిపిస్తే, అప్పుడు ధైర్యంగా “మామూలేనే తల్లీ” అనండి. అనుమానం ఉంటే ఏఎన్ఎమ్‌కో డాక్టరుకో ఫోన్ చెయ్యండి. ఊరికే కంగారుపెట్టానని అనుకుంటారేమో అని మొహమాటపడకండి.

మరొకటి, మన గురించి మనం చెప్పాలి. మీకు ఏ కాన్పులోనైనా బీపీ వచ్చిందా, నెలలు నిండకుండా కన్నారా, కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా, ఒక బిడ్డ దక్కలేదా? మీ అమ్మాయికి తెలుసా? ప్రీఎక్లాంప్సియా తల్లికో అక్కకో వచ్చి ఉంటే ఆ పిల్లకి వచ్చే అవకాశం ఎక్కువ. డాక్టరుకి మొదట్లోనే చెబితే మూడో నెల దాటగానే తగిన మందు ఇవ్వాలా అని ఆయన ఆలోచిస్తారు, బీపీ తరచుగా చూస్తారు. అశుభం ఎందుకని మనం దాచేస్తాం. నగలు, చీరలు కూతుళ్ళకి పంచేటప్పుడు లెక్కగా కూచోబెట్టి చెబుతాం కదా, ఇది కూడా అలాగే చెప్పండి. కోడలికి కూడా ఇంట్లో ఎవరన్నా వాళ్ళమ్మగారి కాన్పుల సంగతి అడిగి రాసిపెట్టండి. తల్లీబిడ్డల కార్డు వెనక ఖాళీ ఉంటుంది, అక్కడ రాసినా చాలు.